చాంద్ పాషా దమ్

కాశిబుగ్గలో తాను వండని పెళ్లి చాంద్ పాషా లెక్కలో పెళ్లే కాదు. బిర్యానీ డేక్సాకు మూతపెట్టి, ఆవిరి పోకుండా అంచు చుట్టూ గోధుమపిండి ముద్ద మెత్తి, పైన నిప్పులు పరిచి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పెళ్లికొడుకు కంటే ఆయనే ఎక్కువ ఫొటోల్లో పడేవాడు. లోపల ఉడికేది అన్నం. బయట పొంగేది ఆయన.

మోకాళ్లు మొరాయించి పెళ్లిళ్లు మానేశాక ఆ పొంగంతా ఇంటి మీద పడింది. కూతురు రుహీ చాయ్ పెట్టినా మూత మీద ఉపన్యాసం తప్పదు.

రుహీ కేకులు నేర్చుకుంది. ఇవాళ మొదటి ఆర్డరు. రాజేశ్వరి టీచర్‌కు సంత్రపండు కేక్, బ్రెడ్డులా పొడుగ్గా, పైన సంత్ర రసం కలిపిన చక్కెర పూతతో. "నచ్చితే మా స్టాఫంతా నీకే ఆర్డరిస్తరు" అంది టీచర్. ఆ రోజు నుంచి ఆ మాటను రుహీ దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది.

తొక్క తురుముతుంటే వంటిల్లంతా ఒక పండులోపలికి వెళ్లి కూర్చున్నట్టయింది. పిండి టిన్నులో పోసి చూస్తే, పూత కోసం దాచిన రెండు సంత్రలూ లేవు. చాంద్ పాషా గడ్డం తడిగా మెరుస్తోంది.

"బాబా! తిన్నవా?"

"రుచి సూసిన బేటా. జర పుల్లగున్నయ్."

"రెండూనా?"

"రెండోది తింటెనే గద మొదటిది పులుపని తెల్సింది."

రుహీ చున్నీ సర్దుకుంది. "సంత్రలు తెస్త. ఓవెన్ వేడెక్కి లైటు ఆరంగనే టిన్ను లోపట పెట్టు. ఇంకేం చెయ్యకు. నీకు దండం పెడ్త."

తిరిగొచ్చేసరికి ఓవెన్‌లో టిన్ను మీద స్టీలు పళ్లెం, దాని చుట్టూ మాడిన పిండిముద్ద.

"ఇదేంది బాబా?"

"దమ్! మూత మర్చిపోయినవ్. నేనున్న గాబట్టి సరిపోయింది."

పళ్లెం లేపింది. కేక్ పాలిపోయి, ఒళ్లంతా చెమటతో, దవాఖాన మంచం మీది ముఖంలా ఉంది. కత్తి గుచ్చితే జిగటగా అంటుకుంది.

"గిది ఇస్తె మేడం మల్ల వస్తదా?"

"ఎందుకు రాదు? నా పేరు జెప్పు."

రుహీ మళ్లీ గుడ్లు తీసి, వంటింటి తలుపుకు లోపల గడియ పెట్టుకుంది. చాంద్ పాషా బయట కుర్చీ వేసుకున్నాడు.

"బేటా, మూత పెట్టినవా?"

లోపల గిలక్కొట్టే చప్పుడు జోరందుకుంది. కాసేపటికి తలుపు సందులోంచి వాసన వచ్చి, పిల్లికూనలా ఆయన ఒళ్లోకి ఎక్కింది. మూత లేని గిన్నెకు ఇంత వాసన రావడం ఆయనకు అవమానంగా తోచింది. అయినా గట్టిగానే పీల్చాడు.

రుహీ కేక్ చల్లారేదాకా ఆగి పూత పోస్తుండగా రాజేశ్వరి టీచర్ వచ్చింది. "చాంద్ భాయ్, గల్లీ అంత ఘుమఘుమలాడ్తాంది!"

"నేనే దగ్గరుండి చేయించిన టీచరమ్మా" అన్నాడు, రెప్ప వేయకుండా.

గడియ తీసిన చప్పుడు. రుహీ ఒకే పళ్లెంలో రెండు ముక్కలు తెచ్చింది. ఒకటి బంగారు గోధుమరంగుది, పక్కల మీంచి తెల్లని పూత ఇంకా జారుతోంది. రెండోది పాలిపోయింది.

"మేడం, ఇది నేను చేసింది. ఇది బాబా దగ్గరుండి చేయించింది."

టీచర్ మొదటిది తిని కళ్లు మూసుకుంది. రెండోది నమిలింది. నములుతూనే చాంద్ పాషాను చూసింది. నీళ్లడిగి తాగింది.

"శుక్రవారం స్టాఫ్‌కు ఇంకో రెండు కావాలె రుహీ. భాయ్ ఇంట్ల లేనప్పుడు చెయ్యి."

"శుక్రవారం నేనెట్లనూ ఉండ, నమాజుకు పోత" అన్నాడు చాంద్ పాషా, తనను ఎవరూ పంపించనట్టుగా.