తడి అచ్చు

ఆమెను అందరూ సుత్తి అనేవాళ్లు. వాగుడుకాయ అని కాదు. ఆ మనిషికి నోట్లో నాలుక ఉందా అని అనుమానం వచ్చేది. పదహారో ఏటినుంచీ చేతిలోంచి సుత్తి దిగలేదు, అందుకని. మేనమామ వెల్డింగ్ షాపులో గేట్లు, గ్రిల్లులు అతికించేది. మిగిలిన ఇనుప ముక్కలతో కొంగల్నీ కోతుల్నీ చేసేది. ఇరవై ఆరేళ్లు వచ్చాక, లోహ శిల్పం చదవాలని రెండు కళాశాలలకు దరఖాస్తు పెట్టింది. రెండింట్లోనూ సీటు వచ్చింది.

"పోయి రెండూ చూసిరా," అన్నాడు మామయ్య. "బోర్డు చూసి కాదే, పనిచేసే చోటు చూసి ఎంచుకో."

మొదటిది పాత గోదాములో నడిచే చిన్న కళాశాల. ఒకే కొలిమి, తనలో తను గొణుక్కునే ఒక పంతులమ్మ. కంచు పోత పోసేది ఏడాదికి రెండేసార్లట. సుత్తికి ప్రాణం ఉసూరుమంది.

రెండోది పేరుమోసినది. ఆరోజు అక్కడ ఇంకో అమ్మాయి కూడా చూడ్డానికి వచ్చింది. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు తనదే. "అక్కా, నువ్వు వద్దన్నావంటే ఆ సీటు నాదే!" అని నవ్వింది. ఆ నవ్వు సుత్తికి నచ్చింది.

పోత పోసే హాలు కిటికీలు రంగు అంటుకుని, తెరవడానికి రాకుండా బిగుసుకుపోయి ఉన్నాయి. గోడవారగా కంచు పోసే మట్టి అచ్చులు వరుసగా పెట్టారు. సుత్తి అలవాటు కొద్దీ ఒకదాని మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా, చెమ్మగా తగిలింది. తల ఎత్తింది. పైకప్పు రేకు నిండా గట్టిపడిన కంచు చుక్కలు. కరిగిన లోహం కిందికి కారుతుంది గానీ పైకెందుకు ఎగురుతుంది? అచ్చులో తడి ఉంటే ఎగురుతుంది. నీళ్లు ఒక్కసారిగా ఆవిరై లోహాన్ని మొహానికి కొడతాయి.

"సార్, ఈ అచ్చులు ఆరలేదు," అంది, ఆ అమ్మాయి అవతలికి వెళ్లాక, హాలు చూసుకునే మాస్టారితో.

"రెండు రోజులు కాల్చాం, చాలు. నువ్వు గేట్లు చేసేదానివి కదమ్మా. కంచు సంగతి మెల్లగా తెలుస్తుందిలే."

"మరి రేకుకి ఆ చుక్కలేంటి సార్?"

ఆయన పైకి చూడలేదు. "పాతవి," అన్నాడు.

సుత్తి చిన్న కళాశాలలో చేరింది. సీటు వద్దని రాసిన ఉత్తరంలో అచ్చుల తడి గురించి కూడా రాసింది. జవాబు రాలేదు. వారానికి ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "నీ పుణ్యమా అని సీటొచ్చింది అక్కా!" చెప్పాల్సిన మాట సుత్తి గొంతుదాకా వచ్చింది. తను వదులుకుని ఇప్పుడు ఓర్వలేక అంటోందనుకుంటుందేమో! "సంతోషం," అని మింగేసింది.

ఆ తర్వాత ఫోన్ మోగినప్పుడల్లా ముందు ఎవరి పేరో చూసుకునేది. మూడో నెలలో ఒక ఉదయం మోగిన ఫోన్ ఆ అమ్మాయి తల్లిది.

ఆసుపత్రిలో ఆ అమ్మాయి మొహం సగం కట్లలో ఉంది. పోతలో ఎగిరిన కంచుకి ఎడమ కన్ను పోయింది. సుత్తి వచ్చిందని తెలిసి కట్టు లేని కన్ను ఇటు తిప్పింది.

"ఆరోజు అచ్చు ముట్టుకుని చూశావు. తడి నీకు తెలిసిందా అక్కా?"

"తెలిసింది."

"ఎవరికీ చెప్పలేదా?"

"మాస్టారికి చెప్పాను. ఉత్తరం కూడా రాశాను."

"మాస్టారికి కాదు. నాకు చెప్పాల్సింది."



సోమవారం పొద్దున ఆమె ఆ పెద్ద కళాశాల గేటు ముందు నిలబడింది. కాపలావాడు గెంటేస్తే రోడ్డుకి అవతల నిలబడింది. వచ్చిన ప్రతి విద్యార్థినీ ఆపి, జీవితంలో మాట్లాడనంత మాట్లాడింది: పోసేముందు అచ్చు మీద చెయ్యి పెట్టి చూడు, ఒక్కసారి రేకు వైపు చూడు. కొందరు పిచ్చిదనుకున్నారు. నాలుగోరోజు ముగ్గురు వెళ్లి చూశారట. చెమ్మ తగిలి, పోత దగ్గరికి రామన్నారు.

పోత వాయిదా వేశారు. ఎన్నాళ్లో చెప్పలేదు. లోపల కొలిమి మాత్రం ఆర్పలేదు. రోడ్డవతలికి ఆ హోరు వినిపిస్తూనే ఉంది.