నా కోడలు ఏం పని చేసిందో ఫ్లెక్స్ మీద రాయాలె

నా పేరు లచ్చవ్వ. డెబ్బై నాలుగేండ్లు. సిరిసిల్ల, బట్ట నేసే సాంచలు నడిపే ఇల్లు. పెద్దకొడుకు రాజేశం పక్కింట్లనే ఉంటడు. చిన్నకొడుకు శ్రీనివాస్, వాని భార్య లావణ్య నాతోనే ఉంటరు.

ఉంటరు అని నోటికి వస్తుంది. లావణ్య నిన్న పోయింది.

నాకు రాయరాదు. నేను చెప్తున్న, శ్రీనివాస్ తన అకౌంట్ల టైప్ చేస్తుండు. ఒక్క మాట మార్చినా ఊకోను అని ముందుగాలనే చెప్పిన.

నిన్న పొద్దుగాల బీడీల చాట ముంగటేసుకొని కూసున్న. జ్వరమని లావణ్యను కరీంనగర్ దవాఖాన్ల షరీక్ చేసినం. మొన్న ఫోన్‌ల మంచిగనే మాట్లాడింది. "లాప్‌టాప్ ఛార్జింగ్ పెట్టు అత్తమ్మా, వచ్చుడుతోనే పనుంది" అన్నది. పెట్టిన.

శ్రీనివాస్ ఫోన్ చేసి "అవ్వా" అన్నడు. ఏడ్సుడు షురూ చేసిండు.

నాకు సమజైంది. చాట యాడ వడ్డదో తెల్వదు.

ఇగ అసలు ముచ్చట.

చౌరస్తాల కట్టే ఫ్లెక్స్‌కు రాజేశం మ్యాటర్ ఇచ్చిండు. ఫోటో, పేరు, శ్రీనివాస్ భార్య, శ్రద్ధాంజలి. అంతే.

"దాని పనేది రా?" అని అడిగిన.

"ఏం పనే అవ్వా? జీతం లేని పని. ఇంట్ల కూసొని కంప్యూటర్ సూసుడు. గది రాస్తే జనం నవ్వరా?"

నవ్వేటోళ్లు ముందు గీ పోస్ట్ సదవుర్రి.

కంప్యూటర్‌ను నడిపించే సిస్టం ఒకటున్నది. దాన్ని ఎవ్వలు అమ్మరు. దేశదేశాల మనుషులు కలిసి చేస్తరు, ఎవ్వలైనా వాడుకోవచ్చు, ఎవ్వలైనా బాగు చెయ్యొచ్చు. ఓపెన్ సోర్స్ అంటరట. మా గల్లీ సర్కార్ బడిల కంప్యూటర్లు దాని మీదనే నడుస్తయి.

అండ్ల ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో మూట లెక్క వస్తది. ప్యాకేజ్. మూట కట్టేటోడు ఏదన్న మరిస్తే ఇప్పే కాడ ఆగిపోతది. గా తప్పులు పట్టుడు, రిపోర్ట్ చేసుడు, బాగు చేసి పంపుడు నా కోడలి పని.

నాకు గూడ మొదట సమజు కాలే. అడిగితే గిట్ల చెప్పింది:

"ఆడబిడ్డకు పోసే ఒడిబియ్యంల ఎండుకొబ్బరి కుడుకలు పెట్టుడు మరిస్తే ఎట్లుంటది అత్తమ్మా? బియ్యం ఉంటయి, పసుపు ఉంటది, రైక గుడ్డ ఉంటది. అయినా కుడుకలేవి అని అడిగేటామె ఒకామె ఉండాలె కదా. గామెను నేను."

"అంటే పెండ్లిల వంకలు పెట్టే ముసలిదానివన్నట్టు" అన్న.

"నీ దగ్గరనే నేర్సుకున్న" అన్నది.

నాలుక గంత పొడుగు దానికి.

ఒకపారి బడిల కంప్యూటర్లు అప్‌డేట్ అయితుంటే నడుమ కరెంట్ పోయింది. వచ్చినంక ప్రింటర్ నడిపే ప్యాకేజ్ సగంల ఇరికింది. ముందలికి పోదు, ఎన్కకు రాదు. లావణ్య రిపోర్ట్ పెట్టింది. యాడనో చలిదేశంల ఉండే సారు, ఆ ప్యాకేజ్ చూసుకునేటాయన, "మా దగ్గర గిట్ల అయితలేదు" అని ఆ రిపోర్ట్‌ను మూసేసిండు.

నాకు మండింది. "ఫోన్ కలుపు, నేను మాట్లాడుత" అన్న.

"ఆయన తప్పేముంది? ఆళ్లకు కరెంట్ పోదు. కండ్లార చూపెడితే ఒప్పుకుంటడు. నువ్వు జర ప్లగ్ కాడ నిలవడు అత్తమ్మా."

నిలవడ్డ.

లావణ్య పాత కంప్యూటర్‌ల ప్యాకేజ్ ఎక్కిస్తుంటది. "ఇప్పుడు!" అనంగనే నేను వైర్ గుంజుత. మళ్ల పెడుత. మళ్ల "ఇప్పుడు!" పొద్దంత గదే పని.

రాజేశం వచ్చి సూసి "అత్తాకోడండ్లకు పిచ్చి లేసిందా?" అన్నడు.

"నేను కరెంట్ ఆఫీస్ పెట్టిన. మీ ఇంటికి గూడ బంద్ చెయ్యాల్నా?" అన్న.

ఏ కాడ కరెంట్ పోతే ఇరుకుతుందో లావణ్య పట్టింది. కరెంట్ వచ్చినంక ఆ ప్యాకేజ్ మళ్ల మొదటికెల్లి షురూ చేస్తుంది. సగం పని అయి ఉన్నదని సూసుకోదు. చేసిందే మళ్ల చెయ్యబోయి ఆగిపోతది.

సాంచ నడిపినోళ్లకు గిది ఎర్కే. కరెంట్ పోయి వస్తే ధన్‌మని మోటర్ వెయ్యం. చేత్తోని చక్రం ఎన్కకు తిప్పి, పోగు యాడ ఆగిందో సూసి, అప్పుడు వేస్తం. లేకుంటే బట్టల చార పడుతది. లావణ్య పెండ్లై వచ్చిన కొత్తల నా పక్కన నిలవడి గీ పని నేర్సుకున్నది. గా పద్ధతే ప్యాకేజ్‌ల రాసింది. ముందు యాడ ఆగినవో సూసుకో, ఆడికెల్లి నడువు అని.

అది పంపితే గా సారు ఈసారి తన ఇంట్ల వైర్ గుంజి సూసిండట! "తప్పు మాదే, థ్యాంక్స్" అని రాసి తీసుకున్నడు. ఎవ్వలు ఏం బాగు చేసిండ్రో రాసే కాడ దాని పేరు ఎక్కించిండు. ఒట్టి లావణ్య అని. ఎవ్వల భార్యవు అని అడగలే.

బడిల ప్రింటర్ నడిసింది. ఆదిలాబాద్ దిక్కు గూడేల బడులల్ల గూడ కరెంట్ పోతది. ఆడ గూడ ఇప్పుడు ఇరకదు. ఎవ్వలు బాగు చేసిండ్రో ఆ పిల్లలకు తెల్వదు. మీకన్న తెల్వాలె.

గియ్యాల పొద్దుగాల శ్రీనివాస్ లావణ్యతోని పని చేసేటోళ్ల గ్రూపుల మెసేజ్ పెట్టిండు. జవాబులు వస్తనే ఉన్నయి. "నా తప్పును నాకు కోపం రాకుండ చెప్పిన మనిషి" అని గా చలిదేశం సారు రాసిండు. శ్రీనివాస్ తెలుగుల చెప్తుంటే రాజేశం తలుపు కాడ నిలవడి విన్నడు.

నా పక్కకు వచ్చి కూసున్నడు. "ఏం రాయాల్నో నువ్వే చెప్పు అవ్వా" అన్నడు.

మైల ఉన్నది, గడప దాటద్దంటుండ్రు. అందుకే ఈడ చెప్తున్న. ఫ్లెక్స్ కొట్టే రమేశూ, నువ్వు శ్రీనివాస్ దోస్తువే, గిది సూస్తవ్. పాత మ్యాటర్ తీసెయ్యి. ఫోటో కింద గిది పెద్దగ వెయ్యి:

లావణ్య.
కంప్యూటర్ ప్యాకేజీల తప్పులు పట్టి బాగు చేసింది.
ఆమె చేసిన పని దేశదేశాల నడుస్తుంది.

మిగిలిన జాగల మా పేర్లు చిన్నగ వెయ్యి. జాగ లేకుంటే మావి తీసెయ్యి.

బిడ్డా లావణ్యా, ఇగ నిమ్మలంగ ఉండు. పోయిన కాడ నీకు శాంతి దొరకాలె.

లచ్చవ్వ, వేలిముద్ర (ఫోటో తీసి కింద పెట్టినం)
సాక్షులు: చిన్నకొడుకు శ్రీనివాస్
పెద్దకొడుకు రాజేశం