మఠంలో శవం వేషం

ఈ సంగతి జరిగినప్పుడు నాకు అక్షరాలు రావు. అందుకే అప్పుడు రాయలేకపోయాను. మా వైపు పొగాకు పనులు ముమ్మరంగా ఉండే కాలమూ బడి కాలమూ ఒకటే. ఆకులు కర్రలకు కట్టడానికి చిన్న వేళ్లయితే మంచిదనేవారు. నా వేళ్లు ఆ పనికే పోయాయి. పెళ్లయ్యాక మా ఆయన సంతకం నేర్పాడు. ముగ్గు వేసినట్టు దాన్ని గీసేదాన్నే గాని, అందులో నా పేరు ఎక్కడ మొదలవుతుందో నాకు తెలియదు.

కెనడాలో బ్రాంప్టన్ అనే ఊళ్లో ఉన్న మా అబ్బాయి ఇంటికి వచ్చేనాటికి ఊరంతా చదువుకోవడానికి వచ్చిన పిల్లలే. ఏ ఇంటి బేస్‌మెంటు పక్క తలుపు దగ్గర చూసినా బూట్ల గుట్ట. మా బేస్‌మెంటులోనూ ఐదుగురు ఉండేవారు. పగలు కాలేజీ, సాయంత్రం పక్కనున్న ఎటోబికోలో గిడ్డంగి పని. అద్దెలోనే భోజనం కూడా ఇస్తామని అబ్బాయి వాళ్లకు మాటిచ్చాడు. పొద్దున్నే బాక్సులు కట్టి మెట్ల మీద పెట్టడం నా పని.

మనవరాలి బడి పక్కనే లైబ్రరీ. అక్కడ పెద్దవాళ్లకు తెలుగు అక్షరాలు నేర్పుతున్నారని గుళ్లో ఎవరో అంటే విన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నన్ను చేర్పించమని అబ్బాయిని అడిగాను.

"సీట్లు అయిపోయాయమ్మా. అయినా అది పర్మనెంట్ కార్డున్న వాళ్లకే. నీది విజిటర్ వీసా కదా" అన్నాడు.

నమ్మాను. కొడుకు మాట నమ్మక ఎవరి మాట నమ్ముతాను?

ఆ చలికాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం కోడలు ఇంట్లో ఒక ఆట పెట్టింది. డబ్బాలో వచ్చే హత్య కథ. ఎనిమిది వందల ఏళ్ల కిందట, ఏదో చలి దేశంలో, కొండ మీద సన్యాసుల మఠం. గ్రంథాలకు నకళ్లు రాసే సన్యాసి రాతబల్ల మీదే చచ్చి పడి ఉంటాడు. వచ్చిన వాళ్లంతా తలా ఒక వేషం వేసి హంతకుణ్ణి పట్టుకోవాలి. మా అబ్బాయి మఠాధిపతి. కింది కుర్రాళ్లు దుప్పట్లు కప్పుకుని సన్యాసులయ్యారు. వేరే మఠం నుంచి విచారణకు వచ్చే పెద్ద సన్యాసి వేషం, కోడలి ఆఫీసులో పనిచేసే అమ్మాయి వాళ్ల అమ్మగారిది. రిటైరైన టీచరట.

"అత్తయ్యా, మీరు చనిపోయిన సన్యాసి. మీకు చదవాల్సిన డైలాగులేం లేవు. పడుకుంటే చాలు" అంది కోడలు.

అక్షరం రాని దాన్ని, పుస్తకాలు రాసే వాడి శవాన్నయ్యాను. అందులో నవ్వుకోవలసింది ఉందని అక్కడ ఎవరికీ తట్టలేదు. సోఫా మీద పడుకున్నాను. మెడ దాకా తెల్ల దుప్పటి కప్పారు.

"ఆంటీ, శవాలు ఆవలించకూడదు" అన్నాడొక కుర్రాడు.

"పొద్దున నాలుగింటికి లేచిన శవంరా" అన్నాను. అందరూ నవ్వారు. కోడలు దుప్పటి మొహం మీదికి లాగింది.

విచారణ మొదలైంది. టీచరు గారు నా పక్కనే నిలబడి మా అబ్బాయిని ప్రశ్నించారు. చచ్చిపోయే ముందు గంజి ఎవరు తెచ్చారు, తలుపు తాళం ఎవరి దగ్గరుంది అని. మధ్యలో గొంతు తగ్గించి అడిగారు.

"ఇది ఆట కాదు గానీ బాబూ, మీ అమ్మగారిని క్లాసుకి పంపలేదేం? పోయిన నెలే చెప్పాను కదా. లైబ్రరీ వెనక గదిలో రోజూ పొద్దున్నే కూర్చుంటాం. సగం కుర్చీలు ఖాళీయే. మేం వీసాలూ కార్డులూ ఏం అడగం."

"అమ్మకి ఇంట్రెస్ట్ లేదండీ. ఈ వయసులో నాకు చదువేంటని తనే అంది."

దుప్పటి కింద నుంచే నోరు తెరిచాను.

"నేను అనలేదు" అన్నాను.

ఇల్లంతా ఘొల్లున నవ్వింది. "బ్రదర్ లేచాడ్రోయ్!" అని కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. మనవరాలు పరుగెత్తుకొచ్చి, "నానమ్మా, డెడ్ పీపుల్ డోంట్ టాక్!" అంది.

దుప్పటి తీసి లేచి కూర్చున్నాను. "నేను అలా అనలేదు. సీటు లేదన్నది నువ్వు" అన్నాను అబ్బాయితో.

"అత్తయ్య యాక్టింగ్ సూపర్!" అంది కోడలు.

టీచరు గారు కూడా నవ్వారు. తర్వాత నా మొహం చూసి ఆపేశారు.

"అమ్మా, నువ్వు చనిపోయావు. మాట్లాడకూడదు" అన్నాడు నా కొడుకు. నవ్వుతూనే అన్నాడు. కళ్లు మాత్రం నా వైపు తిప్పలేదు.

పడుకున్నాను. పరాయి వాళ్ల ముందు అంతకంటే ఏం చేయను? చివరికి గంజిలో విషం కలిపింది మఠంలో వంటవాడేనని తేలింది. అలాంటి కథల్లో ఎవరో ఒకరి మీద పడాలి కాబట్టి వంటవాడి మీద పడింది. అందరికీ తృప్తిగా ఉంది. తర్వాత ఆకలన్నారు. చచ్చిన దాన్ని లేచి బజ్జీలు వేశాను.

అందరూ వెళ్లాక గిన్నెలు తోముతుంటే అబ్బాయి వచ్చాడు.

"అందరి ముందు అలా అనేశావేంటమ్మా?"

"నా మాట ఎవరు పట్టించుకున్నార్లే."

"నువ్వు క్లాసుకెళ్తే పొద్దున బాక్సులు ఎవరు కడతారు చెప్పు? మాకు ఆఫీసులు. కింద పిల్లలు మనల్నే నమ్ముకున్నారు."

అదీ సంగతి. నా వీసా కాదు, వయసు కాదు, సీటు కాదు. కూర అన్నం. అబద్ధం బయటపడినందుకు వాడికి సిగ్గు వేస్తుందేమోనని కాసేపు చూశాను. "ఆలోచించు" అని నాకే చెప్పి పైకి వెళ్లాడు.

మర్నాడు పొద్దున మామూలు వేళకే లేచాను. స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, దాని మీద కోటు తొడుక్కున్నాను. వంటగదిలోకి వెళ్లలేదు. మనవరాలిని బళ్లో దింపి లైబ్రరీకి నడిచాను. తలుపులు ఇంకా తీయలేదు. మంచులో నిలబడ్డాను. కాళ్లు మొద్దుబారాక టీచరు గారి కారు వచ్చింది.

"అయ్యో వదినగారూ, చలిలో నిలబడ్డారా! అబ్బాయి దింపాడా?" అన్నారు.

"లేదండీ, నేనే వచ్చాను" అన్నాను. ఆవిడ తలుపు తీయించగానే లోపలికి వెళ్లి, ముందు వరసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను.