ఎడమ పక్క పులి

2023 నాటికి అమలాపురంలో నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి పదకొండేళ్లు. ఆ వానాకాలంలో సఖినేటిపల్లి నుంచి సత్తియ్య గారు వచ్చారు. గోదావరి దాటించే పంటుకు ఆయన సరంగు, చుక్కాని పట్టేది ఆయనే. మెదడు కుడి భాగంలో స్ట్రోక్ వచ్చి ఎడమ చెయ్యి పట్టు తప్పింది. ఆయన అడిగింది ఒక్కటే, మళ్లీ చుక్కాని దగ్గర నిలబడాలని.

వేళ్లకు పని చెప్పడానికి మేం ఆటలు వాడతాం. బంతి నొక్కమంటే విసుక్కున్న మనిషి పులి–మేక పటం గీయగానే ముందుకు జరిగారు. మూడు పులులు మేకల మీంచి దూకి వాటిని తింటాయి. పదిహేను మేకలు పులులను కదలనివ్వకుండా చుట్టుముడితే గెలుపు. మేకలుగా చింతగింజలు, వాటిని ఎడమ చేత్తోనే పెట్టాలని షరతు.

"మేకలు నావండి. మూడే పులులు, తోలుకోలేరా ఏంటి?" అన్నారు.

మొదటి రోజు ఆయన ఎడమ పక్క మేకలను వరుసగా తినేశాను. ఆట మరిచిపోయారేమో అనుకున్నాను. ఆయన మొహం చిన్నబోయింది. మర్నాటి నుంచి ఎడమ పక్క పులిని కుడివైపు తెచ్చి, నా పులులను నేనే ఇరికించుకునేవాణ్ణి.

నేను ఫోన్లో కోటలు కట్టి సైన్యాలు నడిపే స్ట్రాటజీ గేములు ఆడతాను. వాటిలో 'ఈజీ' అని ఒక మెట్టు ఉంటుంది. అక్కడ యంత్రమే మనకోసం తప్పులు చేసిపెడుతుంది. ఎన్నిసార్లు గెలిచినా మనకు ఎంత వచ్చో తెలియదు. అయితే ఈజీలో ఆడుతున్నామని తెర మీద రాసి ఉంటుంది. సత్తియ్య గారికి నేను ఆపాటి కూడా చెప్పలేదు.

ఆరు వారాల్లో చేతికి బలం వచ్చింది. మళ్లీ పనికి వెళ్లొచ్చో లేదో చెప్పాల్సిన పెద్ద డాక్టరు గారు నా అసెస్‌మెంట్ రిపోర్టు చూసే నిర్ణయిస్తారు. "పట్టు బాగుంది, ఆలోచన చురుగ్గా ఉంది" అని రాశాను. అది తీసుకోవడానికి వచ్చిన రోజు, నేను వేరే పేషెంటును చూస్తుంటే, ఆయన భార్య రత్నం గారు పులులు తీసుకుని ఆటకు కూర్చున్నారు.

"ఏవే, నా మేకలేయి?"

"నా పులి తినేసింది మావా. నీ ఎదురుగానే కదా."

"దొంగాట ఆడకే. నువ్వే తీసేసుంటావు."

"నేనెందుకు తీత్తానయ్యా? ఐదు తిన్నాను, చూసుకోలేదా?"

నవ్వుతున్న ఆమె గొంతు మారిపోయింది. "డాక్టరు గారండి, ఇంటికాడ కూడా పళ్లెంలో ఎడం పక్క కూర అలాగే వదిలేత్తన్నారండి. సయించట్లేదేమో అనుకున్నాను."

కాగితం నిండా చిన్న గీతలు గీసి, అన్నిటినీ కొట్టెయ్యమని ఆయనకిచ్చాను. ఎడమ సగం అలాగే ఉండిపోయింది. దీన్ని నెగ్లెక్ట్ అంటారు. కన్ను బాగానే ఉంటుంది, మెదడే ఆ పక్కను పట్టించుకోదు. పంటు నిండా బళ్లు, జనం. ఎడమ పక్క నుంచి నాటు పడవ వస్తే ఆయనకు అది లేనట్టే.

రిపోర్టు చింపేసి నిజం చెప్పాను.

"అయితే నేను గెల్చిన ఆటలన్నీ?"

"నేను కావాలని ఓడినవండి."

"ఆయ్," అని పటం మీది చింతగింజలు పోగుచేశారు. "ఆ కాగితం చేతికిచ్చేసుంటే రేప్పొద్దున్నే పంటు ఎక్కేద్దునండి," అన్నారు. "ఇంక పులుల్ని దీనికే ఇవ్వండి. మీతో ఆడను."

నాలుగు నెలలు రత్నం గారే ఆడారు, ఒక్క మేకనూ వదల్లేదు. ఎడమ పక్క చాలావరకు ఆయన ధ్యాసలోకి వచ్చింది. చుక్కాని పట్టడానికి మాత్రం పెద్ద డాక్టరు గారు ఒప్పుకోలేదు. స్ట్రోక్ తర్వాత తొలి వారాలే విలువైనవి. వాటిలో ఆరింటిని నేను పాడుచేశాను.

అప్పట్లో దాన్ని దయ అనుకున్నాను. నిజానికి, గెలిచిన ప్రతిసారీ ఆయన బయట కూర్చున్నవాళ్లతో "ఈ డాక్టరు గారి చెయ్యి మంచిదండి" అంటుంటే వినడం నాకిష్టం. ఇప్పుడు పేషెంట్లతో నాకు వచ్చినంతా పెట్టి ఆడతాను. ఓడినవాళ్లు కోప్పడతారు, కొందరు గింజలు విసిరికొడతారు. వాటిని ఏరుకొచ్చి, ఎక్కడ ఓడారో ఇద్దరం కలిసి వెతుకుతాం.