ఎందుకు కోశారు

షాద్‌నగర్‌లో బస్సెక్కినప్పుడు నాకు ఏడో నెల. ఒళ్లో దవాఖాన ఫైలు చూసి పక్క సీటామె పలకరించింది. కాన్పు నొప్పుల్లో ఆడవాళ్ల పక్కనుండి ధైర్యం చెప్పడం తన పనట. పట్నంలో డౌలా అంటారట.

మొదటి కాన్పు ఆపరేషన్ అయిందని, ఈసారి మామూలుగా కనాలని ఉందని చెప్పాను.

"మొదలు ఎందుకు కోసిండ్రు?"

"బిడ్డ అడ్డం తిరిగిందని మా అత్తమ్మ చెప్పింది."

"కాయితం సూసినవా?"

ఆ ఫైలు మూడేళ్లు అత్త బీరువాలోనే ఉంది. చెకప్‌కు తాను రాలేనని ఆ రోజే నా చేతికిచ్చింది. డిగ్రీ చదివిన నేను ఒక్కసారీ అడగలేదు. తెరిస్తే పక్క సీటామె వేలు ఒక వరుస మీద ఆగింది. బిడ్డ తల కిందికే ఉంది. కుటుంబం కోరిన ముహూర్తానికి ఆపరేషన్ చేశామని రాశారు. దాని వెనకే పసుపు పెట్టిన చీటీ, ఈ కాన్పుకు అత్త పెట్టించిన ముహూర్తం.

ఒళ్లు మండిపోయి చీటీ చింపబోతే చెయ్యి పట్టుకుంది.

"చింపకు చెల్లే. రెండూ డాక్టరమ్మ ముందల పెట్టు. పాత కోత ఎట్లున్నది, మామూలు కాన్పు కుదురుతదా అని నువ్వే అడుగు. నా దగ్గరికొచ్చేటోళ్లకు గూడ గిదే చెప్త. పక్కన కూసుంట గని, నోరు మీరే తెరవాలె."

ఆమె శంషాబాద్‌లో దిగిపోయింది.

"ఆపరేషన్ తారీఖు మీ అత్తమ్మనడిగి చెప్తరా?" అంది దవాఖానలో డాక్టరమ్మ.

"నన్నే అడగండి మేడం" అని రెండు కాగితాలూ బల్ల మీద పెట్టాను.

కాన్పు ఎట్లా అయిందని తర్వాత ఊరంతా అడిగింది. మొదటిసారి ఎందుకు కోశారని అడిగింది బస్సులో ఆమె ఒక్కతే.