చెవి నాది, పుస్తకం నీది

మేనకోడలి పాపకు చెవులు కుట్టించడానికి మొన్న ఈపో పట్నంలో ఒక నగల దుకాణానికి వెళ్లాం. ఇప్పుడు సూదీ దారమూ లేవు. చిన్న తుపాకీలాంటి దాన్ని చెవి తమ్మెకు ఆనించి నొక్కుతారు. దుకాణంలో అమ్మాయి దూదిని స్పిరిట్‌లో ముంచి పాప చెవి తుడిచింది. ఆ వాసన, దాని వెనకే టక్కుమన్న చప్పుడు. పాప ఏడుపు అందుకోవడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణంలో నేను అక్కడ లేను. సుంగై సిపుట్ ఊరు దాటాక కొండ మొదట్లో ఉన్న జింకల ఫారంలో, రేకుల షెడ్డు కింద, ఒళ్లో పుస్తకం పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా సత్తెమ్మ పెద్దమ్మ మోకాళ్ల మధ్య జింక పిల్లను అదిమి పట్టుకుని, దాని చెవిని వెలుతురుకు ఎత్తి చూస్తోంది.

సత్తెమ్మ పెద్దమ్మ మాకు రక్తసంబంధీకురాలు కాదు. రబ్బరు ఎస్టేటు కూలీల లైను ఇళ్లలో మా పక్కింటి మనిషి. భర్త తొందరగా పోయాడు, పిల్లలు లేరు. మా అమ్మకు నాకన్నా ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. విజయనగరం వైపు నుంచి మా ముత్తాతలు ఈ మలయ్ దేశానికి ఓడెక్కినప్పుడు వెంట తెచ్చుకున్న ఆచారం ఒకటి ఉంది. బిడ్డలు దక్కని ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే, పిడికెడు తవుడు తీసుకుని ఇంకొకరికి అమ్మేస్తారు. ఈ బిడ్డ ఈ తల్లిది కాదనుకుని మృత్యువు గుమ్మం దాటి వెళ్లిపోతుందని నమ్మకం. నన్ను కొన్నది సత్తెమ్మ పెద్దమ్మ. నా పేరు తవిటమ్మ అయింది అందుకే. మాటవరసకు జరగవలసిన ఆ అమ్మకాన్ని మా నాన్న భయం కొద్దీ నిజం చేశాడు. పుట్టుక రాయించేటప్పుడు తల్లి పేరు దగ్గర సత్తెమ్మ అని చెప్పాడు. పక్కనే నిలబడ్డ పెద్దమ్మ కాదనలేదు. నేను బతికాను. బడిలో వేసే వయసు వచ్చేసరికి మాత్రం కాగితంలో తల్లి ఒకరు, ఇంట్లో తల్లి ఒకరు. సరిచేయించుకుని రమ్మన్నారు. అది సరయ్యేసరికి నాకు పద్దెనిమిదేళ్లు నిండాయి. అంతవరకూ నా బడి మా ఇంట్లో దేవుడి అలమర ముందున్న చాపే. అక్షరాలు అమ్మ చెప్పింది, అంకెలు పెద్దమ్మ చెప్పింది, మలయ్ భాష పాత పేపర్లు చెప్పాయి. ఆ చాప మీద నేర్చుకున్నదే ఇవాళ్టికీ అన్నం పెడుతోంది కనుక, దేవుడు నాకు తక్కువ చేశాడని ఎప్పుడూ అనుకోలేదు.

ఎస్టేటు మూతపడ్డాక పెద్దమ్మ జింకల ఫారంలో పనికి కుదిరింది. ముప్పై ఏళ్లు పాల కోసం రబ్బరు చెట్లు గీసిన చెయ్యి ఆమెది. పైబెరడు తియ్యాలి, లోపలి కట్టెకు కత్తి తగలకూడదు. తగిలితే చెట్టుకు పుండు పడుతుంది. ఆ నేర్పు జింక చెవి దగ్గర అక్కరకొచ్చింది. చెవిలో రెండు గట్టి ఈనెలు ఉంటాయి, వాటి పక్కన సన్నటి నరాలు. ఆ రెంటి మధ్య మెత్తటి చోటు చూసి, స్పిరిట్‌తో తుడిచి, టక్కున నంబరు బిళ్ల వెయ్యాలి. పెద్దమ్మ వేసిన చెవి చీము పట్టడం నేను చూడలేదు. యజమాని అయిన చీనా తౌకే పశువుల డాక్టరు కన్నా ముందు ఆమెనే పిలిచేవాడు. జింకల లెక్కల పుస్తకం రాయడానికి మనిషి కావాలంటే, "మా తవిటమ్మ ఉన్నాది లా, తౌకే. బడికి పోలేదు గానీ గుండ్రంగా రాస్తాది" అని, ఇక్కడి అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలించి, ఆమే నన్ను తీసుకెళ్లింది.

మొదటి రోజే పని పంచింది. "ఒలే, ఇను. చెవి నాది, పుస్తకం నీది. నీ పుస్తకంలోకి నాను తొంగి సూడను. నా చెవి మీద నువ్వు సెయ్యి ఎయ్యకు." ఆ తర్వాత నియమాలు చెప్పింది. పుట్టిన వారంలోగా బిళ్ల పడాలి. మగదానికి కుడి చెవి, ఆడదానికి ఎడమ చెవి. ఒకసారి ఇచ్చిన నంబరు ఇంకో జంతువుకు ఇవ్వకూడదు. చచ్చిపోయినదాని బిళ్ల పారెయ్యకుండా కవరులో వేసి దాని పేజీకే గుచ్చి ఉంచాలి. అన్నిటికన్నా ముఖ్యం, పిల్ల నంబరు పక్కన తల్లి నంబరు. ఫారం వెనక అడవి ఉంది. తల్లి నంబరు లేని పిల్ల అడవిలో పట్టుకొచ్చిన పిల్ల కిందే లెక్క. నేను మొదట్లో పిల్లలకు దేవతల పేర్లు పెట్టుకునేదాన్ని. పెద్దమ్మ నవ్వేది. "గౌరమ్మ, లచ్చమ్మ అని పిలిస్తే అవి పలుకుతాయేటే? నంబరు రాయి. తోలు ముసలిదైపోద్ది, కొమ్ములు రాలిపోతాయి, నంబరు మారదు."

రెండేళ్లు ఏ మచ్చా లేకుండా రాశాను. తప్పు చేసింది మూడో ఏడు. ఇరవై ఏడో నంబరు ఆడజింక వరుసగా రెండు కాన్పుల పిల్లలను పోగొట్టుకుంది. రెండో పిల్ల పోయినప్పుడు అది మూడు రోజులు కంచె వారనే నిలబడింది. మేత ముట్టలేదు. మూడోది పుట్టింది, ఆడపిల్ల. పెద్దమ్మ ఎడమ చెవికి బిళ్ల వేసి, "తల్లి ఇరవై ఏడు" అని చెప్పి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. నా చేతిలో పెన్ను ఉంది, పక్కనే మేత గదిలో తవుడు బస్తా. నేను లేచి పిడికెడు తవుడు తీసుకెళ్లి ఇరవై ఏడు ముందు పోశాను. అది తింది. తిరిగి వచ్చి తల్లి నంబరు దగ్గర నలభై ఒకటి అని రాశాను. నలభై ఒకటి పిల్లలన్నీ దక్కాయి, దానిది మంచి కడుపు. రాస్తున్నప్పుడు నాకు అబద్ధం రాస్తున్నాననిపించలేదు. దణ్ణం పెట్టుకుంటున్నట్టే ఉంది. ఇదే పని వల్ల నేను బడి మెట్టు ఎక్కలేదన్న సంగతి ఆ నిమిషాన గుర్తే రాలేదు.

మూడు వారాలకు నలభై ఒకటి తన పిల్లను తాను ఈనింది. అప్పుడు పుస్తకం తీసి ఆ పేజీ తిప్పాను. పాత రాత సరిచెయ్యవచ్చు. కానీ ఆ పిల్ల గెంతులేస్తోంది, పాలు తాగుతోంది. కొట్టేస్తే అమ్మకం చెల్లదేమో, పిల్లకు ఏమైనా అవుతుందేమో అని చెయ్యి రాలేదు. రెండో పిల్లకూ తల్లి నలభై ఒకటి అని రాసి పుస్తకం మూశాను.

రెండు నెలల తర్వాత వన్యప్రాణి శాఖ అధికారిణి తనిఖీకి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి, తలకు ముసుగు, మాట మెత్తన. షెడ్డు కింద కూర్చుని పుస్తకం పేజీ పేజీ చూసింది. ఒక చోట వేలు ఆగింది. "మక్‌చిక్, ఈ నలభై ఒకటి మూడు వారాల తేడాలో రెండు సార్లు ఈనిందా?" అని పెద్దమ్మను పిన్నీ వరసతో పిలిచి మలయ్‌లో అడిగింది. జింక ఎనిమిది నెలలు మోస్తుంది. అది ఆమెకూ తెలుసు, పెద్దమ్మకూ తెలుసు. "ఒకటి అడవిది అయితే పిల్లను మేం తీసుకుపోవాలి. మీ లైసెన్సు కూడా ఆగుతుంది" అంది. ఆ లైసెన్సు మీద పదకొండు కుటుంబాలు బతుకుతున్నాయి.

పెద్దమ్మ మొదటిసారి నా పుస్తకంలోకి తొంగి చూసింది. ఆమెకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. వేలు కిందికి జరుపుకుంటూ పోయి ఇరవై ఏడుకు ఎదురుగా ఖాళీగా ఉన్న గడి దగ్గర ఆపింది.

"ఇరవై ఏడు పిల్ల ఏదే?"

నేను పెన్ను మూత బిగించాను.

"ఒలే తవిటీ, నిన్నే. పిల్ల ఏదీ?"

"అమ్మేసినాను పెద్దమ్మా."

"ఎంతకి?"

"పిడికెడు తవుడికి."

పెద్దమ్మ మేత బస్తా మీద కూలబడింది. కోప్పడుతుందనుకున్నాను. నా ముఖం చూసి, "ఆవిడకి సెప్పు. నువ్వే సెప్పు. ఏటీ దాచకు" అంది. నాకు వచ్చిన మలయ్‌లో అంతా చెప్పాను, నా పేరుకు అర్థంతో సహా. అధికారిణి నవ్వలేదు. "కథ విన్నాను, అక్కా. కథను రిపోర్టులో రాయలేను. ఏదైనా చూపించాలి" అంది.

చూపించే దారి పెద్దమ్మే చెప్పింది. ఉదయం మేత వేళ పిల్లలను వేరే కొట్టంలో ఉంచుతాం. ఆ రోజు ఇంకా వదల్లేదు. రెండు తల్లులను ఒకే దొడ్లోకి తోలించి, ఆ ఒక్క పిల్లను వదిలింది. ఆకలి మీదున్న పిల్ల పరుగున వచ్చి నలభై ఒకటి పక్కన ఆగింది. వెంకన్న స్వామిని తలుచుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు. ఏమని అడగను, నేను రాసిందే కదా అక్కడ నిలబడింది. నలభై ఒకటి దాన్ని వాసన చూసి తలతో నెట్టేసింది. అప్పుడు అవతల నుంచి ఇరవై ఏడు సన్నగా ఒక కూత వేసింది. పిల్ల అటు వెళ్లి పొదుగులో మూతి పెట్టింది. అధికారిణి వెంట్రుకల నమూనా కూడా తీసుకుంది. పరీక్షలో తేలేదాకా పిల్లను ఫారం దాటించకూడదని రాసింది. కొన్ని వారాలకు తల్లి ఇరవై ఏడేనని కాగితం మీదా వచ్చింది, పిల్ల మా దగ్గరే ఉండిపోయింది.

అసలు పాఠం ఆ దొడ్లో కాదు, తర్వాత షెడ్డులో నేర్చుకున్నాను. తప్పు పేజీ చింపి కొత్తది రాస్తానన్నాను. అధికారిణి ఏమీ అనకముందే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "చింపకే. ఒక్క గీత గియ్యి. కొట్టేసింది కనబడాల. పక్కన సంతకం ఎట్టు." ఎందుకు తప్పు రాశానో కారణం ఏం రాయను అని అడిగితే, "ఉన్నదే రాయి" అంది. నమ్మకం వల్ల వేరే తల్లిని రాశాను, అది తప్పు అని మలయ్‌లో రాసి సంతకం పెట్టాను.

సాయంత్రం పెద్దమ్మను వెనక కూర్చోబెట్టుకుని మోటారు సైకిల్ మీద ఇంటికి బయల్దేరాను. కొబ్బరి నీళ్ల బండి దగ్గర ఆగాక అంది. "మీ నాన్న నా పేరు సెప్పినప్పుడు నాను నోరిప్పాల్సింది. ఇప్పలేదు. నీకు ఏటైనా అయిపోద్దని భయం అనుకున్నారందరూ. భయం కాదే. ఆ కాయితం మీద తల్లి అని నా పేరుంటే నాకు బాగున్నాది. దాని కోసం నిన్ను బడికి దూరం సేసినాను." నేను పరవాలేదు అన్నాను. "పరవాలేదనకు లా. కొట్టేసింది కనబడాల అన్నాను గదా" అని కొబ్బరి బోండాం నా చేతిలో పెట్టింది.

ఆ పిల్ల పెరిగి నాలుగు ఈతలు ఈనింది. పెద్దమ్మ ఇంకా పన్నెండేళ్లు చెవులకు బిళ్లలు వేసింది. ఆ తర్వాత చూపు తగ్గి బిళ్లలు నా చేతికి ఇచ్చింది. ఇప్పుడు చెవీ నాదే, పుస్తకమూ నాదే. బిళ్ల వేసే ముందు చెవిని వెలుతురుకు ఎత్తి చూస్తాను. ఆ చూపు నాది కాదు, ఆమెది.

చివరి రోజుల్లో పెద్దమ్మను ఆసుపత్రిలో చేర్పించింది నేనే. నింపమని ఒక దరఖాస్తు ఫారం ఇచ్చారు. రోగి పేరు, వయసు రాశాను. రోగికి మీరేమవుతారు అన్న గడి దగ్గర, ఆలోచించకుండానే, నా చెయ్యి కూతురు అని రాసేసింది. చూసుకున్నాను. దాని మీద ఒక్క గీత గీశాను. పక్కన సంతకం పెట్టి, పొరుగింటి మనిషి అని రాశాను. గుమాస్తా అది చూసి, "గజిబిజిగా ఉంది, కొత్త ఫారం ఇస్తాను" అన్నాడు.

అక్కర్లేదన్నాను. కొట్టేసింది కనబడుతూనే ఉంది.