బెర్నీ వదులుకున్న నేరేడు రంగు చెవెల్

మా పక్కింటి బెర్నీ వోయ్‌టస్ డెట్రాయిట్‌ను ఆనుకుని ఉన్న హేజెల్ పార్క్‌లోనే పుట్టి, అక్కడే కారు తలుపుల రేకులు వత్తే ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైంది. పెళ్లికి ముందు సొంత జీతంతో కొనుక్కున్న కారు మొన్నటిదాకా ఆవిడ దగ్గరే ఉండేది. నేరేడు పండు రంగు, 1970 నాటి చెవెల్. రెండే తలుపులు, వీధినంతా నిద్రలేపే ఇంజిన్. పెళ్లికి చర్చికి వెళ్లింది అందులోనే. భర్త పోయినప్పుడు శవపేటిక వెనక నడిపిందీ దాన్నే. ఏటా ఆగస్టులో ఊరంతా వుడ్‌వర్డ్ రోడ్డు పక్కన మడత కుర్చీలు వేసుకుని పాత కార్ల ఊరేగింపు చూసేటప్పుడు, ఆవిడ వస్తే జనం కుర్చీల్లోంచి లేచి చేతులూపేవారు.

కూతురు రెనే నర్సు. కాన్పు తర్వాత మళ్లీ డ్యూటీలో చేరాలి. పాపను రోజూ డేకేర్‌లో దింపే పని తనకే ఇమ్మంది బెర్నీ. రెనే కారులో బిగించే పిల్లల సీటు తెచ్చి చెవెల్ పక్కన పెట్టింది.

"దీన్ని కదలకుండా బిగించు. అప్పుడు మాట్లాడదాం."

బెర్నీ నన్ను పిలిచింది. నేను కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మా వాడికీ ఇంకా ఏడాది నిండలేదు కాబట్టి ఇలాంటి సీట్లతో చేయి తిరిగింది. చెవెల్ వెనక సీటులో నడుముకు కట్టే పాత బెల్టులే ఉన్నాయి. సీటును మోకాలితో అదిమిపట్టి, పళ్లు బిగించి బెల్టు లాగాను. ఊపి చూస్తే సీటు ఊగుతూనే ఉంది.

"ఏం ప్రొఫెసరూ, నీ సైన్సు ఇంతేనా?"

"సైన్సు బాగానే ఉంది. బెల్టే మీ పెళ్లినాటిది."

"పెళ్లికంటే పాతదిలే." నవ్వింది గానీ, సీటు మీంచి చూపు తిప్పలేదు. "నిన్ను ఈ బండిలోనే పెంచాను కదే," అంది కూతురితో.

"పెంచావు. అదృష్టం బాగుండి బతికాను. నా పిల్లని మాత్రం ఎక్కించను."

ఆ వారమే బెర్నీ బూడిద రంగు సెడాన్ కొంది. మా వీధిలో చాలామందికి రెండేసి బండ్లు. ఎండాకాలానికి ముద్దుల బండి, మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే నెలలకు తుప్పుపట్టినా బాధలేని బండి. అందుకే చెవెల్ గ్యారేజీలో ఉండిపోతుందనుకున్నాం. ఆవిడ దాని అద్దానికి అమ్మకం కాగితం అంటించింది.

రెనేయే అడ్డుపడింది. "అమ్మా, నేను అమ్మమన్నానా? ఉంచుకో. పాపని ఎక్కించకపోతే చాలు."

"ఉంచుకుంటే ఎక్కిస్తాను."

"ఎందుకెక్కిస్తావ్?"

"ఓ రోజు మంచి ఎండ కాస్తుంది. దగ్గరే కదా, ఈ ఒక్కసారికే కదా అనుకుంటాను. అది ఇంట్లో ఉంటే నా మాట నేనే వినను. నీకు తెలీదా నా సంగతి?"

ఎక్కడ ఏ ప్రమాదముందో లెక్కగట్టడం నాకు అలవాటు. మా వాడు పుట్టాక నిద్రలో కూడా అదే. ఆ లెక్కలో మొదట తన పేరే రాసుకున్న మనిషిని మాత్రం అప్పుడే చూశాను.

కొనడానికి ఫ్లింట్ ఊరి నుంచి డ్వేన్ అనే మెకానిక్ వచ్చాడు. పలకరింపుకంటే ముందే బానెట్ మీద అరచేయి ఆనించాడు. ఇక్కడ పాత కారు కొనే ప్రతివాడూ అంతే. ఇంజిన్ ముందే వేడెక్కి ఉందంటే చల్లగా ఉన్నప్పుడు స్టార్టవడంలో ఏదో జబ్బు దాస్తున్నారని అర్థం.

"చల్లగా ఉందా?" అంది బెర్నీ.

"మంచుగడ్డలా ఉందమ్మా."

"పొద్దుట్నుంచి ముట్టుకోలేదు. మొదట్లో కాస్త దగ్గుతుంది, నాలాగే. తర్వాత సర్దుకుంటుంది. వెనక చక్రం పైన రంగు కింద తుప్పుంది. పుట్టీ పెట్టింది నేనే. వంగి చూడు."

"ఇవన్నీ చెబితే ధర తగ్గించమంటానమ్మా."

"అడుగు. ఇంటికెళ్లాక తిట్టుకోకు."

డ్వేన్ చెవెల్ తోలుకుని వెళ్లాక, దాని చప్పుడు వినిపించినంతసేపు ఆవిడ వాకిట్లోనే నిలబడింది. తర్వాత సెడాన్‌ను గ్యారేజీలో పెట్టింది.

రెనే డ్యూటీలో చేరే రోజు వచ్చింది. బెర్నీ పాపను వెనక సీటులో కట్టి, పాత అలవాటుగా యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కి, తర్వాత బ్రేకు మీద కాలు పెట్టి స్టార్ట్ బటన్ నొక్కింది. ఏమీ వినపడలేదు. మళ్లీ నొక్కింది.

"కొత్త బండే, అప్పుడే బ్యాటరీ పోయిందా?"

"స్టార్టయింది. రెండోసారి నొక్కి మీరే ఆపేశారు," అన్నాను కిటికీ పక్కన నిలబడి.

"చప్పుడు లేకపోతే బతికుందో లేదో ఎలా తెలుస్తుందయ్యా? ఫ్రిజ్ కొన్నట్టుంది!"

రెనే నవ్వుతూనే వెనక తలుపు తీసి, పాప పట్టీలు ఒక్కొక్కటీ తడిమి చూసి, మూసింది. ఆ ఒక్కరోజూ డేకేర్ దాకా వెనకాలే వెళ్లి చూసుకుందామని ఆసుపత్రిలో ఆలస్యంగా వస్తానని చెప్పి ఉంచింది. సెడాన్ మెల్లగా రోడ్డెక్కింది. వీధి చివర పూర్తిగా ఆగి, రెండువైపులా చూసి, కుడికి, డేకేర్ వైపు తిరిగింది.

రెనే తన కారు తీసింది. అదే మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, ఎడమకు, ఆసుపత్రి వైపు వెళ్లిపోయింది.